చిలుకను బతికుండగానే తేవాలి: బాలనాగమ్మ కథలో ఆఖరి ఘట్టం

బాలనాగమ్మ కథ మొత్తం తెలిసిన పిల్లలు ఇప్పుడు వరంగల్, జనగామ వైపు ఊళ్లల్లో కూడా తక్కువే. మాంత్రికుడి ప్రాణం చిలుకలో ఉంటుందన్న ముక్క మాత్రం అందరికీ తెలుసు. పాడి చెప్పే శారద కథ గానీ వేషాలు కట్టి ఆడే చిందు యక్షగానం గానీ ఒక్కసారైనా చూడని పిల్లవాడు కూడా రెక్క విరిస్తే చెయ్యి పడిపోతుందని ఠక్కున చెబుతాడు. ఆ ఘట్టానికి అంత పట్టు ఎక్కడి నుంచి వచ్చిందో, బడి వేదిక మీద దాన్ని ఆడించబోతే అది ఎందుకు చప్పబడిపోతుందో చూడాలంటే కథను ఒకసారి కట్టుబడితో సహా విప్పాలి.

కథ సంగతి క్లుప్తంగా. ఏడుగురు అక్కచెల్లెళ్లలో చిన్నది బాలనాగమ్మ. పానుగంటి రాజుల ఇంటి కోడలు. భర్త కార్యవర్ధి రాజు. ఆయన ఊళ్లో లేని సమయంలో మాయల మరాఠి బిచ్చగాడి వేషంలో వచ్చి ఆమెను కుక్కగా మార్చి నాగళ్లపూడి గట్టుకు ఎత్తుకుపోతాడు. ఉయ్యాల్లో పసిబిడ్డ మిగిలిపోతాడు. వెతుక్కుంటూ వెళ్లిన భర్త, ఆయన అన్నదమ్ములు, వెంట వెళ్లిన దండు అందరూ గట్టు దగ్గరే రాళ్లయిపోతారు. బాలనాగమ్మ వ్రతం పేరు చెప్పి మరాఠిని ఏళ్ల తరబడి దూరం పెడుతుంది. పిల్లవాడు బాలవర్ధి పెరిగి పెద్దవాడై సంగతి తెలుసుకుని బయలుదేరతాడు. గట్టు కింద పూలు కట్టే తంబళి అవ్వ ఇంట్లో మనవడిగా చేరి, ఆడపిల్ల వేషంలో పూలదండ పట్టుకుని తల్లి దగ్గరికి వెళతాడు. ఆపైన ప్రాణరహస్యం, సముద్రాలు, చిలుక.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఏడు సముద్రాల అవతల చిలుక చేతికి దొరికింది. దాని మెడ అక్కడే తిప్పేస్తే మరాఠి ఇక్కడ కూలిపోతాడు కదా, మళ్లీ అంత దూరం దాన్ని మోసుకురావడం దేనికి? ఐదో తరగతి పిల్లలకు ఈ కథ చెబితే ఎవరో ఒకరు ఈ మాట అడిగి తీరతారు. జవాబు కథలోనే ఉంది, చాలామంది చెప్పేవాళ్లు దాన్ని దాటేస్తారు. తండ్రి ఇంకా రాయిగానే ఉన్నాడు. రాయిని మళ్లీ మనిషిని చేసే మంత్రం మరాఠి ఒక్కడికే తెలుసు. వాడు చస్తే ఆ మంత్రం వాడితోనే పోతుంది. కాబట్టి బాలవర్ధికి మరాఠి చావు కంటే ముందు కావలసింది మరాఠి భయం. చిలుక చేతిలో ఉండాలి, బతికి ఉండాలి, వాడి కళ్లకు కనిపించాలి. ఈ మూడింటిలో ఏది లేకపోయినా బేరం కుదరదు. చిలుకను ఆయుధం అనుకునేవాళ్లు ఆ ఘట్టాన్ని రెండు నిమిషాల్లో ముగిస్తారు. అది పూచీకత్తు అని తెలిసినవాళ్లు పావుగంట నడిపిస్తారు.

ఈ కథకు పాత అచ్చు సాక్ష్యం ఒకటి ఉంది. మేరీ ఫ్రియర్ అనే ఇంగ్లీషు యువతి తన ఇంట్లో ఆయాగా పనిచేసిన అన్నా లిబరాటా డిసౌజా నోట విన్న కథలను 1868లో ‘ఓల్డ్ దక్కన్ డేస్’ పేరుతో లండన్‌లో అచ్చు వేయించింది. అందులో మొదటి కథలో రాజుకు ఏడుగురు కూతుళ్లు, చిన్నదాని పేరు బాల్నా. పంచ్‌కిన్ అనే మాంత్రికుడు ఆమెను కుక్కపిల్లగా మార్చి తీసుకుపోతాడు. భర్తా మరుదులూ రాళ్లవుతారు. కొడుకు ఆడవేషంలో తోటమాలి కూతురినంటూ కోటలోకి వెళతాడు. మన బాలనాగమ్మే, పేరు కాస్త నలిగింది, అంతే. ఆ పాఠంలో చిలుక ఉన్న చోటు వర్ణన మన దగ్గర వినిపించే దానికంటే లెక్కగా ఉంటుంది. దట్టమైన అడవి మధ్యలో వలయంగా తాటిచెట్లు, వలయం నడుమ ఒకదాని మీద ఒకటిగా ఆరు నీళ్ల కుండలు, ఆరో కుండ కింద చిన్న పంజరం, పంజరంలో పచ్చ చిలుక, చుట్టూ వేలమంది భూతాల కాపలా. తెలుగులో ఈ చోటు చెప్పేవాళ్లను బట్టి మారుతుంది. ఎక్కువగా వినిపించేది ఏడు సముద్రాలు, దీవి, మర్రిచెట్టు తొర్ర.

ప్రాణాన్ని ఒంట్లో కాక ఇంకెక్కడో దాచుకునే మాంత్రికుడు మన ఒక్కరి సొత్తు కాదు. జానపద కథల అంతర్జాతీయ పట్టికలో ఈ రకానికి 302 అనే అంకె ఉంది. రష్యా కథల్లో కొష్చేయ్ అనే మాంత్రికుడి చావు సూది మొనలో, సూది గుడ్డులో, గుడ్డు బాతులో, బాతు కుందేలులో, కుందేలు పెట్టెలో ఉంటాయి. అక్కడ పొర మీద పొర విప్పడమే ఆట, సూది విరిగాక కథ అయిపోతుంది. మన కథలో పొరలు నామమాత్రం. దాచిన వస్తువుకు కాళ్లూ రెక్కలూ ఉండడమే దీని బలం. గుడ్డును ఒకేసారి పగలగొట్టగలం. చిలుకను నాలుగు విడతలుగా విరవగలం, ఐదో విడతకు మెడ ఉంటుంది. చిలుకకు, మనిషికి అవయవాల జోడీ కుదరడం వల్లే ఈ ఘట్టానికి లయ పుట్టింది.

రహస్యం రాబట్టే సన్నివేశం లేకుండా ఈ ఘట్టం నిలబడదు. బాలవర్ధికి కత్తి ఉంది గానీ దాని వల్ల ఒరిగేదేమీ లేదు. పని జరిగేది తల్లి నోటి మాటతో. నిన్నా మొన్నటి దాకా దగ్గరికి రానివ్వని మనిషి ఒకరోజు మెత్తగా మాట్లాడుతుంది. ‘నీకు చావన్నది ఉందా, నువ్వు పోతే నా గతేంది’ అని అడుగుతుంది. గొప్పలకు పోయే మరాఠి కడుపులో ఆ మాట దాగదు. ఇక్కడ చెప్పేవాళ్లు చేసే తప్పు, వాడు మొదటి అడుగులోనే నిజం కక్కేయడం. ఒక్కసారికి చెబితే వాడు తెలివితక్కువవాడిగా కనిపిస్తాడు, అలాంటివాడి మీద గెలుపుకు విలువ ఉండదు. మొదట నాకు చావే లేదంటాడు. రెండోసారి కసురుకుంటాడు. మూడోసారి ఆమె అలిగి అన్నం ముట్టనప్పుడు చెబుతాడు. అప్పుడు కూడా చోటు చెబుతాడే తప్ప దాన్ని చేరే దారి చెప్పడు. దారి వెతుక్కోవడం పిల్లవాడి వంతు. తల్లి వంతు, కొడుకు వంతు ఇలా విడివిడిగా ఉండడం వల్ల బాలనాగమ్మ ఊరికే ఏడుస్తూ కూర్చునే పాత్ర కాకుండా పోయింది.

సముద్రాల ప్రయాణం మీద కాలం ఖర్చు చేయడం దండగ. పాము నోట పడబోతున్న భేరుండ పక్షి పిల్లలను బాలవర్ధి కాపాడతాడు, ఆ పక్షులు అతన్ని వీపు మీద మోసుకెళతాయి. ఫ్రియర్ పాఠంలో ఇవి గద్దలు. ఒక పాట, ఒక చక్కర్లు కొట్టే నడక చాలు. తిరుగు ప్రయాణాన్ని మాత్రం అలా వదిలేయకూడదు. చిలుక చేతిలోకి వచ్చిన క్షణం నుంచి మరాఠికి ఒంట్లో బాగుండకపోవడం చూపించాలి. పంజరం ఎత్తినప్పుడు వాడు నిద్రలోంచి ఉలిక్కిపడతాడు. పిడికిలి బిగిస్తే ఊపిరాడదు. ఇక్కడ ఒక మాట, అక్కడ ఒక మాటగా రెండు చోట్ల మూడు నాలుగు సార్లు తిప్పితే చిలుకకూ వాడికీ మధ్య తీగ ఉందని పిల్లలకు ముందే అర్థమవుతుంది. ఈ ముడి ముందే వేయకపోతే రెక్క తెగినప్పుడు చెయ్యి ఎందుకు పడిందో వెనక వరుసలో కూర్చున్నవాళ్లు పక్కవాళ్లను అడుగుతారు. అక్కడితో ఘట్టం పోయినట్టే.

ఒక్కరే నిలబడి కథ చెప్పేటప్పుడు బొమ్మలు అక్కర్లేదు. ఎడమ చేతి పిడికిలే చిలుక. బొటనవేలు కొసను కాస్త బయటికి ఉంచితే అదే చిలుక ముక్కు. ఒక నియమం పాటించాలి. దీవిలో మూసిన పిడికిలి గట్టు చేరేదాకా తెరుచుకోకూడదు. చెమట తుడుచుకోవడం, నీళ్లు తాగడం, తాళం వేయడం అన్నీ కుడి చేత్తోనే. మధ్యలో ఒక్కసారి అలవాటుగా రెండు చేతులూ చాపారంటే చిలుక ఎగిరిపోయిందని ముందు వరుస పిల్లలు కేక పెడతారు. వాళ్లదే న్యాయం.

బడి వేదిక మీద ఆడించడం దీనికి పూర్తిగా వేరే పని. ఆరు, ఏడు తరగతుల పిల్లలతో చేయించడానికి ఇది అనువైన ఘట్టం. రహస్యానికి ఎనిమిది నిమిషాలు, ప్రయాణానికి ఐదు, బేరానికి ఏడు, రెక్కలు తెంపడానికి ఐదు వేసుకుంటే ఒక పీరియడ్‌లో సాధన కూడా అయిపోతుంది.

నిజం చిలుక ఆలోచన మొదట్లోనే మానుకోవాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలుకను పట్టడం, పంజరంలో పెంచడం నేరం. బొమ్మ చిలుకకు చేర్యాల ముసుగుల పద్ధతి బాగా పనికొస్తుంది. చేర్యాలలో బొమ్మలు చేసే నకాషీ కళాకారులు చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి వాటిని చేస్తారు, సుద్ద పూత మీద రంగులు వేస్తారు. అదే ఇక్కడ తేలికగా చేసుకోవాలి. వంద గ్రాముల చింతగింజల పొడిని ముప్పావు లీటరు నీళ్లలో ఉండలు కట్టకుండా కలిపి, సన్నమంట మీద పావుగంటకు పైగా కలుపుతూ ఉడికిస్తే గరిట నుంచి ముద్దగా జారే జిగురు వస్తుంది. పాత పేపరును జానెడు పొడవున కోడిగుడ్డు ఆకారంలో గట్టిగా చుట్టి దారం కట్టాలి. జల్లెడ పట్టిన పొట్టును జిగురుతో చపాతీ పిండిలా పిసికి, చుట్ట మీద అర సెంటీమీటరు మందాన పూయాలి. అంతకంటే మందం పూస్తే పైపొర ముందు ఎండి బిగుసుకుపోతుంది, లోపలిది తడిగానే ఉండి పగుళ్లు తీస్తుంది. ఎండలో పెట్టినా ఇదే గతి. నీడలో రెండు మూడు రోజులు ఆరనివ్వాలి. ఆరాక గరుకు కాగితంతో రుద్ది, రెండు పూతలు సుద్ద, పైన పచ్చ రంగు. మొత్తం బరువు మూడు వందల గ్రాములు దాటితే పన్నెండేళ్ల పిల్లవాడు ఏడు నిమిషాల బేరం అంతసేపు చెయ్యి ఎత్తి పట్టుకోలేడు. చెయ్యి కిందికి జారితే మరాఠికి చిలుక కనపడదు, బేరానికి బలం ఉండదు.

రెక్కలకు గుడ్డే మేలు. ఒక్కో రెక్క నలభై సెంటీమీటర్లు, లోపలివైపు ఎర్ర లైనింగు. రామచిలుకకు రెక్క లోపల ఎరుపు ఉండదు, నిజమే. కానీ రెండు వందల మంది నేల మీద కూర్చున్న హాల్లో చివరి వరుసకు కనిపించేది ఆ ఎరుపే. రెక్కలనూ కాళ్లనూ జారుముడితో కట్టి, లాగే కొసలను పిల్లవాడి అరచేతిలోకి తేవాలి. నాలుగు కొసలూ ఒకే రంగు దారమైతే హడావుడిలో ముందు కాలు ఊడొస్తుంది. కుడి రెక్కకు ఎరుపు, ఎడమకు పసుపు, కాళ్లకు తెలుపు, నలుపు పెట్టుకుంటే ఆ గండం ఉండదు. తల విడిగా చేసి, వెదురు గొట్టంలో దిగే పుల్లకు తగిలించాలి. మెడ ఊడి రావడం కంటే వెనక్కి తిరగడమే భయం పుట్టిస్తుంది.

కుడి ఎడమల తికమక ఇంకొకటి. బాలవర్ధి చిలుకను తనవైపు తిప్పి పట్టుకుంటే జనానికి దాని వీపు కనిపిస్తుంది, చిలుక కుడి రెక్క జనానికి కుడివైపు వస్తుంది. జనం వైపు చూస్తున్న మరాఠి కుడి చెయ్యి మాత్రం జనానికి ఎడమవైపు ఉంటుంది. ఒకవైపు రెక్క తెగి, ఇంకోవైపు చెయ్యి పడినట్టు ఉంటుంది. చిలుక ముక్కు కూడా జనం వైపే ఉండేలా పట్టిస్తే రెండూ కలుస్తాయి.

మరాఠి వేషంలో అసలు చిక్కు చేతులది. వదులు అంగీ లోపల నిజం చేతులు వెనక్కి కట్టుకుని, గుడ్డపీలికలు కుక్కిన ఉత్త చేతులను భుజాల దగ్గర హుక్కుకు తగిలించి, లోపలి నుంచి బొటనవేలితో హుక్కు జార్చాలి. ఇంతవరకు తేలికే. కానీ దానికి సరిగ్గా ముందు సన్నివేశంలో వాడు బెత్తం ఊపి రాళ్లను లేపాలి, దానికి నిజం చెయ్యి కావాలి. ఉత్త చేతులు తగిలించే సమయం ఎక్కడ? చిందు మేళంలో వేషం ప్రవేశానికి ఇద్దరు తెర పట్టే పద్ధతి ఉంది కదా, దాన్నే వాడుకోవాలి. బెత్తం ఊపగానే డోలు మారుమోగాలి, రాళ్లుగా కూర్చున్న పిల్లలు ఒక్కొక్కరే ఒళ్లు విరుచుకుంటూ లేవాలి. జనం కళ్లన్నీ అటు తిరుగుతాయి. ఇటు ఇద్దరు భటులు దుప్పటి పట్టుకుని మరాఠి ముందు నిలబడతారు. ఇరవై ముప్పై సెకన్లు చాలు. రాళ్లు లేవడం మరీ త్వరగా అయిపోతే దుప్పటి వెనక తంటా బయటపడుతుంది. అందుకే రాళ్ల పాత్రలకు కనీసం ఎనిమిది మంది ఉండాలి. ఖిలా వరంగల్‌లో విరిగిపడి ఉన్న శిల్పాలను చూసిన పిల్లలకు రాయిలా ఎలా కూర్చోవాలో నేర్పే పని ఉండదు. వాళ్లను నిలబెట్టకుండా మోకాళ్ల మీదో, నేల మీదో కూర్చోబెట్టడం మంచిది. కదలకుండా పది నిమిషాలు నిలబడితే ఎవరో ఒకరికి కళ్లు తిరుగుతాయి.

బేరంలో మాట తక్కువ, చూపు ఎక్కువ ఉండాలి. వరంగల్, కరీంనగర్ వైపు పిల్లలైతే వాళ్ల ఇంటి మాటే పెట్టాలి. ‘నా చిల్క నాకియ్యి’ అని వాడు, ‘ముందుగాల మా బాపును లేపు’ అని వీడు. పుస్తకం భాషలో ఓరీ దుర్మార్గుడా అంటూ మొదలుపెడితే బాలవర్ధి పన్నెండేళ్ల పిల్లవాడన్న సంగతే మరుగున పడుతుంది.

ఇక తెంపడం. వరుస ఇది: దారం లాగు, డోలు మీద ఒక్క దెబ్బ, ఒక్క క్షణం ఆగు, అప్పుడు చెయ్యి పడాలి, ఆ తర్వాతే అరుపు. కొత్తవాళ్లు తరచుగా అరుపును ముందుకు తెస్తారు. రెక్క ఊడకముందే మరాఠి అరిస్తే హాలంతా నవ్వుతుంది, ఒకసారి నవ్విన ఘట్టం మళ్లీ భయపెట్టదు. డోలు దెబ్బ రెక్కకు గుర్తు, మరాఠికి గుర్తు కాదు. వాడు డోలును కాకుండా చిలుకనే చూస్తూ ఉండాలి. మొదటి రెక్కకు ఆగేది ఒక క్షణమైతే రెండోదానికి రెండు, కాళ్లకు మూడు. కాలు పడడానికి ఉత్త కాళ్లు అక్కర్లేదు, అంగీ కింద మోకాలు మడిచి కూలబడితే సరిపోతుంది. ఆఖరికి మొండెం, తల మిగిలి ఇంకా ‘నా చిల్క’ అంటూనే ఉండాలి. ఫ్రియర్ పాఠంలోనూ ఇంతే. చేతులూ కాళ్లూ పోయాక కూడా పంచ్‌కిన్ కళ్లు తిప్పుతూ చిలుకనే అడుగుతాడు. ఇదిగో తీసుకో అంటూ పిల్లవాడు మెడ నులిమి దాన్ని వాడి మీదికే విసురుతాడు. వాడి తల గిర్రున తిరుగుతుంది. ఆ విసరడం అద్భుతమైన ముగింపు. అడిగిందే ఇచ్చాడు.

ఇంత క్రూరత్వం పిల్లలకు అవసరమా అని టీచర్లు సందేహపడుతుంటారు. చిలుకను వదిలేసి మరాఠి చేత క్షమాపణ చెప్పించే కథనాలూ కనిపిస్తున్నాయి. అవి నిలవవు. తల్లిని పుష్కరం పైన బంధించిన మనిషి ఒక్క మాటతో మారిపోతే పిల్లలు నమ్మరు, నమ్మినట్టు తలాడిస్తారు. చిలుకేం పాపం చేసింది అన్న ప్రశ్న మాత్రం న్యాయమైనది, దాన్ని అణచకూడదు. చిలుకను దీవిలో కాపలాల మధ్య బంధించింది ఎవరు అని తిరిగి అడిగితే మంచి చర్చ నడుస్తుంది. ఐదారేళ్ల పిల్లలున్న చోట రెక్కల వరకు చూపించి, మిగతాది డోలుకూ మాటకూ వదిలేస్తే సరిపోతుంది. బొమ్మ గుడ్డదని తెలిసేలా ముందే ఒకసారి వాళ్ల చేతికిచ్చి తిప్పి చూడనివ్వడం ఇంకా మంచిది.

ప్రతినాయకుడి పేరు విషయంలో కాస్త జాగ్రత్త కావాలి. మాయల మరాఠి, మాయల ఫకీరు రెండు పేర్లూ పాత వాడుకే. 1942లో వచ్చిన జెమినీ వారి ‘బాలనాగమ్మ’ సినిమాలో గోవిందరాజుల సుబ్బారావు వేసింది మాయల మరాఠి వేషమే. ఈ రోజు తరగతి గదిలో ఒక జాతి పేరో, ఒక మతం వేషమో విలన్‌కు తగిలించడం వల్ల కథకు కలిసొచ్చేదేమీ లేదు. మాయలోడు అంటే చాలు. గడ్డం, పచ్చ అంగీ లేకపోయినా వాడి భయం తగ్గదు.

మిగిలిన పాత్రల సంగతి తెంపడానికి ముందే తేల్చేయాలి. మాయలోడి ప్రియురాలు సంగు ఏమైంది, తంబళి అవ్వకు ఏం బహుమానం దక్కింది, పక్షులు ఎక్కడికి పోయాయి అన్నవి చివర్లో చెప్పాలని చాలా నాటకాల్లో అట్టే పెట్టుకుంటారు. చిలుక మెడ తిరిగిన మరుక్షణం హాల్లో పిల్లలందరూ లేచి నిలబడి ఉంటారు, అప్పుడు మైకులో ఏం చెప్పినా ఎవరికీ వినపడదు. సంగు పారిపోవడం చిలుక కనబడగానే జరిగిపోవాలి. అవ్వకు ఇచ్చే కడియం రాళ్లు లేచే సందట్లో ఇప్పించేయవచ్చు.